మార్ల్‌బరో డ్యూకులు, స్పెన్సర్-చర్చిల్ వంశం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటిపేరు, బిరుదు, ఆస్తి మూడూ కలిసే తండ్రి నుంచి కొడుక్కి వస్తాయనుకునే మనకి ఇంగ్లీషు ప్రభువంశాల లెక్క ఒక పట్టాన అర్థం కాదు. మార్ల్‌బరో డ్యూకు పెద్దకొడుకు పేరు బ్లాండ్‌ఫోర్డ్, ఆ కొడుక్కి పుట్టిన పెద్దమనవడు సండర్లాండ్, తమ్ముడి కొడుకేమో ఉత్త మిస్టర్ చర్చిల్. వాళ్ళ పద్ధతిలో ఇంటిపేరు, బిరుదు, ఆస్తి మూడు వేర్వేరు దారుల్లో నడుస్తాయి, ఒక్కోసారి మూడు వేర్వేరు ఇళ్ళకి చేరతాయి. ఈ ఒక్క వంశాన్నీ నిదానంగా చూస్తే చాలు, మిగతా వంశాల చిక్కుముళ్ళు చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

ఈ వంశానికి మూలపురుషుడు ఎవరు?

జాన్ చర్చిల్. 1650లో డెవన్ కౌంటీలో పుట్టాడు. పుట్టుకతో ప్రభువేమీ కాదు. తండ్రి పేరు సర్ విన్‌స్టన్ చర్చిల్. అవును, అదే పేరు. రెండో ప్రపంచయుద్ధం నాటి ప్రధానమంత్రికి ఆ పేరు ఈ వంశం పెద్దాయన నుంచే వచ్చింది. ఆ తండ్రి ఇంగ్లండు అంతర్యుద్ధంలో రాజు పక్షాన నిలబడి, పార్లమెంటు గెలిచాక జరిమానాలు కట్టి చితికిపోయాడు. వంశ చిహ్నం మీద స్పానిష్ భాషలో ఉన్న 'విశ్వాసపాత్రులం, కానీ దురదృష్టవంతులం' అన్న మాట ఆయనదే అంటారు.

జాన్ పైకి రావడంలో ఇంటి ఆడవాళ్ళ పాత్ర చాలా ఉంది. అక్క అరబెల్లా యార్క్ డ్యూకు జేమ్స్‌కి ప్రియురాలు. ఆ జేమ్సే తర్వాత రెండవ జేమ్స్ రాజయ్యాడు. భార్య సారా జెన్నింగ్స్ రాకుమారి యాన్‌కి ప్రాణస్నేహితురాలు. యాన్ 1702లో రాణి అయింది. అయితే పలుకుబడి ఒక్కటే ఉంటే ఆస్థానంలో చిన్న కొలువు దగ్గరే ఆగిపోయేవాడు. యూరప్‌లో ఆ తరంలో అతనికి సాటి సేనాని లేడు. 1688లో తనని పెంచి పెద్దచేసిన జేమ్స్‌ని వదిలి, ఆ జేమ్స్‌ని దించి రాజైన విలియం పక్షానికి దూకాడు, 1692లో ఆ విలియమే రాజద్రోహం అనుమానంతో అతన్ని లండన్ టవర్ కోటలో కొన్ని వారాలు ఖైదులో పెట్టించాడు. 'విశ్వాసపాత్రులం' అన్న తండ్రి మాటను కొడుకు ఎంతవరకు నిలబెట్టాడో మీరే చెప్పాలి.

డ్యూకు బిరుదు ఒక్కసారే వచ్చిందా?

లేదు, మెట్టు మెట్టుగా వచ్చింది. ఇంగ్లండులో వంశపారంపర్య ప్రభువులకు అయిదు అంతస్తులు: పైనుంచి కిందికి డ్యూకు, మార్క్వెస్, ఎర్ల్, వైకౌంట్, బ్యారన్. జాన్ చర్చిల్‌కి 1682లో స్కాట్లండు ప్రభువుల వరసలో ఐమత్ లార్డు బిరుదు, 1685లో ఇంగ్లండులో శాండ్రిడ్జ్ బ్యారన్, 1689లో మార్ల్‌బరో ఎర్ల్, 1702 డిసెంబరులో బ్లాండ్‌ఫోర్డ్ మార్క్వెస్, మార్ల్‌బరో డ్యూకు రెండూ కలిపి వచ్చాయి. వైకౌంట్ మెట్టు ఎక్కకుండానే దాటేశాడు.

పైది వస్తే కిందిది రద్దయిపోదు. అన్నీ ఆ మనిషి దగ్గరే ఉంటాయి, పిలిచేది మాత్రం పెద్దదానితోనే. కింది బిరుదులకు వేరే ఉపయోగం ఉంది, అది కాసేపట్లో చూద్దాం.

డ్యూకు బిరుదు వస్తోందంటే సారా సంబరపడలేదు. ఆ హోదాకు తగ్గట్టు బతకాలంటే తమ దగ్గరున్న డబ్బు చాలదని ఆమె భయం. ఆమె లెక్క తప్పేం కాదు. రాణి తన జీవితకాలం ఏడాదికి 5,000 పౌండ్లు ఇస్తానని, దాన్ని శాశ్వతం చేయమని పార్లమెంటును అడిగితే అప్పట్లో సభ ఒప్పుకోలేదు.

మార్ల్‌బరో ఊరు వీళ్ళదేనా?

కాదు. మార్ల్‌బరో విల్ట్‌షైర్‌లో ఉంది, వీళ్ళ ఇల్లూ వాకిలీ ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని వుడ్‌స్టాక్ దగ్గర. బిరుదులో ఉన్న ఊరి పేరు పేరు వరకే, ఆ ఊరి మీద పెత్తనం గానీ శిస్తు హక్కు గానీ దాంతో రావు. మన జమీందారీలతో పోల్చి చూసేవాళ్ళు మొదట తడబడేది ఇక్కడే. విజయనగరం రాజా అంటే విజయనగరం ఆయన ఏలుబడిలోదే, వెంకటగిరి రాజా అంటే వెంకటగిరి ఆయనదే.

సిగరెట్ల సంగతి కూడా చాలామంది అడుగుతారు. ఆ కంపెనీకీ ఈ వంశానికీ వ్యాపార సంబంధం ఏమీ లేదు. లండన్‌లో గ్రేట్ మార్ల్‌బరో స్ట్రీట్ అని ఒక వీధి ఉంది, దానికి ఈ మొదటి డ్యూకు పేరే పెట్టారు. ఫిలిప్ మోరిస్ కంపెనీ ఆ వీధి పేరును కొంచెం కుదించి తన సరుకుకి పెట్టుకుంది.

మొదటి డ్యూకుకి కొడుకు మిగల్లేదు కదా, బిరుదు ఎలా నిలిచింది?

ఈ వంశం కథలో అసలు విషయం ఇదే. మామూలుగా డ్యూకు బిరుదు మగ సంతానం వెంటే నడుస్తుంది. కొడుకు లేకపోతే తమ్ముడు, తమ్ముడి కొడుకు, ఇలా మొదట బిరుదు పొందినవాడి మగ సంతతిలో వెతుకుతారు. ఎవరూ దొరక్కపోతే బిరుదు చచ్చిపోతుంది.

1702 డిసెంబరులో డ్యూకు అయిన జాన్ చర్చిల్‌కి అప్పటికి ఒక్కడే కొడుకు, పేరు కూడా జానే, బ్లాండ్‌ఫోర్డ్ మార్క్వెస్ అని పిలిచేవారు. కేంబ్రిడ్జిలో చదువుకుంటూ 1703 ఫిబ్రవరిలో మశూచి సోకి పోయాడు. పదిహేడేళ్ళవాడు. తండ్రి డ్యూకు అయి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. నలుగురు కూతుళ్ళు ఉన్నారు, నలుగురికీ గొప్పింటి పెళ్ళిళ్ళే అయ్యాయి గానీ నియమం ప్రకారం వాళ్ళెవరికీ బిరుదు రాదు.

1704 ఆగస్టు 13న బవేరియాలోని బ్లెన్‌హైమ్ దగ్గర ఫ్రెంచి సైన్యాన్ని చిత్తుచేశాక ఇంగ్లండు ఆయనకి ఏం అడిగినా ఇచ్చే ఊపులో ఉంది. 1706లో పార్లమెంటు ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. బిరుదు మొదట పెద్దకూతురికి, ఆ తర్వాత ఆమె మగ సంతానానికి, అక్కడ లేకపోతే రెండో కూతురి మగ సంతానానికి, అలా వరసగా వెళ్ళాలి. మగవాళ్ళు పూర్తిగా లేకపోతే ఆడ సంతతికి కూడా వెళ్ళొచ్చు. మార్ల్‌బరో వంశంలో మగైనా ఆడైనా ఒక్క ప్రాణి మిగిలి ఉన్నంతకాలం బిరుదు బతకాలన్నది ఆ చట్టం ఉద్దేశం. 5,000 పౌండ్ల భత్యాన్ని కూడా అప్పుడే శాశ్వతం చేశారు. నాలుగేళ్ళ కిందట కుదరదన్న సభే.

రాజు ఇచ్చిన పత్రాన్ని మార్చి, కూతుళ్ళ దారి తెరిచేందుకు పార్లమెంటు చట్టమే చేయడం అరుదు. ఇంగ్లండులో ఆడపిల్లలకు సంక్రమించే పాత బ్యారన్ బిరుదులు కొన్ని ఉన్నాయి గానీ డ్యూకు స్థాయిలో ఇలాంటిది చూడటం కష్టం.

మరి రెండో డ్యూకు ఎవరు?

రెండో డ్యూకు లేడు, రెండో డచెస్ ఉంది. 1722లో జాన్ చర్చిల్ చనిపోగానే పెద్దకూతురు హెన్రియెట్టా తన సొంత హక్కుతో డచెస్ అయింది. మామూలు డచెస్ అంటే డ్యూకు భార్య. ఈమె అలా కాదు, బిరుదు ఆమెదే. ఆమె భర్త ఫ్రాన్సిస్ గొడాల్ఫిన్ తన తండ్రి నుంచి వచ్చిన గొడాల్ఫిన్ ఎర్ల్ బిరుదుతోనే ఉండిపోయాడు. భర్త బిరుదు భార్యకి వస్తుంది గానీ భార్య బిరుదు భర్తకి రాదు.

ఇక్కడ తల్లీకూతుళ్ళ సంగతి చెప్పకుండా ముందుకు వెళ్ళడం కష్టం. సారాకీ హెన్రియెట్టాకీ పడేది కాదు. డ్యూకు వీలునామాలో, వుడ్‌స్టాక్ దగ్గర ఆ యుద్ధం పేరే పెట్టి కట్టిన బ్లెన్‌హైమ్ ప్యాలెస్ సారా బతికున్నంతకాలం సారాదే. కాబట్టి హెన్రియెట్టా పదకొండేళ్ళు మార్ల్‌బరో డచెస్‌గా ఉండి కూడా ఆ ఇంటికి యజమానురాలు కాలేదు. బిరుదు కూతురి దగ్గర, ఇల్లు తల్లి దగ్గర. నాటకకర్త విలియం కాంగ్రీవ్‌తో హెన్రియెట్టా స్నేహం లండన్ అంతా చెప్పుకున్నదే. 1729లో అతను పోతూ ఆస్తిలో చాలా భాగం ఆమెకే రాసిపోయాడు, సారాకి అది ఇంకో ఒళ్ళుమంట.

హెన్రియెట్టా కొడుకు విలియం బ్లాండ్‌ఫోర్డ్ 1731లో పిల్లలు లేకుండానే చనిపోయాడు. ఆమె 1733లో పోయింది. చట్టం ప్రకారం బిరుదు ఇప్పుడు రెండో కూతురి ఇంటికి మళ్ళాలి.

చర్చిల్‌ల ఇంట్లోకి స్పెన్సర్లు ఎలా వచ్చారు?

రెండో కూతురు యాన్ అప్పటికే లేదు, 1716లోనే పోయింది. ఆమె భర్త చార్ల్స్ స్పెన్సర్, మూడో సండర్లాండ్ ఎర్ల్. వాళ్ళ కొడుకుల్లో పెద్దవాడు రాబర్ట్ నాలుగో ఎర్ల్ అయి 1729లో పోయాడు. తర్వాతివాడు చార్ల్స్ అయిదో ఎర్ల్. పెద్దమ్మ హెన్రియెట్టా పోగానే ఈ చార్ల్స్ స్పెన్సరే మూడో మార్ల్‌బరో డ్యూకు అయ్యాడు. రెండు వంశాల బిరుదులు ఒక్కడి మీదకి వచ్చాయి.

అయితే కుటుంబంలో ఒక ఏర్పాటు ఉంది. మార్ల్‌బరో బిరుదు స్పెన్సర్ల పెద్దవాడికి వస్తే ఆల్తార్ప్ ఇల్లూ స్పెన్సర్ భూములూ తమ్ముడికి వదలాలి. అలా అవి తమ్ముడు జాన్ స్పెన్సర్‌కి వెళ్ళాయి. పైగా అమ్మమ్మ సారాకి ఈ జాన్ అంటే ప్రాణం. 1744లో ఆమె పోతూ తాను స్వయంగా కూడబెట్టిన అపారమైన ఆస్తిలో సింహభాగం అతనికే రాసింది. బిరుదులన్నీ అన్నకి, డబ్బంతా తమ్ముడికి. ఇంగ్లండు ఆడవాళ్ళలో ఆమె అంత ఆస్తిపరులు ఆనాడు చాలా తక్కువ. మూడో డ్యూకు కూడా డ్యూకు అయిన పదకొండేళ్ళకి గానీ, అంటే అమ్మమ్మ పోతే గానీ, బ్లెన్‌హైమ్ గడప తనదని చెప్పుకోలేకపోయాడు.

డయానాకీ చర్చిల్‌కీ చుట్టరికం ఉందంటారు, నిజమేనా?

నిజమే. పైన చెప్పిన అన్నదమ్ముల దగ్గర దారి చీలింది. అన్న చార్ల్స్ సంతతి మార్ల్‌బరో డ్యూకులు, అందులోంచే విన్‌స్టన్ చర్చిల్. తమ్ముడు జాన్ కొడుకు 1765లో మొదటి స్పెన్సర్ ఎర్ల్ అయ్యాడు, ఆ వరసలో ఎనిమిదో ఎర్ల్ కూతురు యువరాణి డయానా. ఆల్తార్ప్ ఇప్పటికీ వాళ్ళదే, డయానాని ఖననం చేసింది అక్కడే. ఇంకో విషయం చాలామందికి తెలియదు. 1706 చట్టం లెక్కన ఆల్తార్ప్ స్పెన్సర్లు కూడా యాన్ మగ సంతతే. మార్ల్‌బరో శాఖలో మగవాళ్ళందరూ లేకుండా పోతే డ్యూకు బిరుదు వెళ్ళేది ఆ ఇంటికే.

ఇంటిపేరు స్పెన్సరా, చర్చిలా?

1733 నుంచి 1817 వరకు డ్యూకుల ఇంటిపేరు స్పెన్సర్ మాత్రమే. అయిదో డ్యూకు 1817లో బిరుదుకి వచ్చిన కొద్ది నెలలకే రాజు అనుమతితో చర్చిల్ అని చేర్చుకుని స్పెన్సర్-చర్చిల్ అయ్యాడు. వాటర్‌లూ యుద్ధంలో నెపోలియన్‌ని ఓడించిన సేనాని వెలింగ్టన్ పేరు దేశమంతా మార్మోగుతున్న రోజులవి. పాత యుద్ధవీరుడి పేరు మళ్ళీ తగిలించుకోవాలని ఈ ఇంటికి అనిపించడంలో వింతేమీ లేదు.

వాడుకలో మొదటి ముక్క జారిపోయి చాలామంది ఉత్త చర్చిల్‌గానే చెలామణీ అయ్యారు. విన్‌స్టన్ తన పుస్తకాల మీద 'విన్‌స్టన్ ఎస్. చర్చిల్' అని పెట్టుకునేవాడు. ఆ ఎస్. స్పెన్సరే. అమెరికాలో అదే పేరుతో ఒక నవలాకారుడు అప్పటికే ప్రసిద్ధుడు కావడంతో ఆ అక్షరం అవసరమైంది.

డ్యూకు కొడుకుని బ్లాండ్‌ఫోర్డ్ అని, మనవడిని సండర్లాండ్ అని ఎందుకు పిలుస్తారు?

కింది బిరుదుల ఉపయోగం ఇదే. డ్యూకు దగ్గర ఇప్పుడు ఆరు బిరుదులు ఉన్నాయి: మార్ల్‌బరో డ్యూకు (1702), బ్లాండ్‌ఫోర్డ్ మార్క్వెస్ (1702), సండర్లాండ్ ఎర్ల్ (1643), మార్ల్‌బరో ఎర్ల్ (1689), వర్మ్‌లీటన్ స్పెన్సర్ బ్యారన్ (1603), శాండ్రిడ్జ్ చర్చిల్ బ్యారన్ (1685). 1682 నాటి స్కాట్లండు బిరుదు 1706 చట్టంలోకి రాలేదు కాబట్టి మొదటి డ్యూకుతోనే పోయింది. సండర్లాండ్, స్పెన్సర్ బిరుదులు పుట్టుకలో చర్చిల్‌లవి కావు, 1733లో అల్లుడి వైపు నుంచి వచ్చి చేరినవి.

డ్యూకు బతికుండగా పెద్దకొడుకుని మర్యాదకి బ్లాండ్‌ఫోర్డ్ అంటారు, అతని పెద్దకొడుకుని సండర్లాండ్ అంటారు. మార్ల్‌బరో ఎర్ల్ అని ఎవరినీ పిలవరు, తాతకీ మనవడికీ ఒకే పేరు పెట్టి తికమక ఎందుకని. ఇవి మర్యాద పేర్లే. చట్టం దృష్టిలో ఆ కొడుకూ మనవడూ సామాన్య పౌరులు, బిరుదులన్నీ ఇంకా పెద్దాయనవే.

రెండో కొడుకు నుంచి అంతకన్నా తక్కువ. వాళ్ళ పేరు ముందు లార్డ్ చేరుతుంది, కూతుళ్ళకి లేడీ. లార్డ్ చర్చిల్ అనకూడదు, లార్డ్ రాండాల్ఫ్ చర్చిల్ అనాలి. పెళ్ళయితే ఆయన భార్య లేడీ రాండాల్ఫ్ చర్చిల్ అవుతుంది, తన పేరు వినపడకుండా. ఆ లార్డు పిల్లలకి ఏమీ లేదు.

అయితే విన్‌స్టన్ చర్చిల్‌కి ఏ బిరుదూ లేదా?

పుట్టుకతో లేదు. తాత ఏడో డ్యూకు, తండ్రి లార్డ్ రాండాల్ఫ్ ఆ డ్యూకు చిన్నకొడుకుల్లో ఒకడు. 1874లో తండ్రి వుడ్‌స్టాక్ నుంచి పార్లమెంటుకి ఎన్నికయ్యాడు. అప్పట్లో నిజమైన ప్రభువైతే దిగువ సభకి పోటీ చేయడానికే వీల్లేదు, మర్యాద లార్డు కాబట్టి కుదిరింది. అదే ఏడాది నవంబరు 30న విన్‌స్టన్ బ్లెన్‌హైమ్‌లో పుట్టాడు. ఆయన పేరు ముందు 'సర్' చేరింది 1953లో, గార్టర్ అనే నైట్‌హుడ్ గౌరవంతో. అది వంశానికి రాదు, ఆ మనిషితోనే పోతుంది. 1955లో ప్రధాని పదవి వదులుతున్నప్పుడు ఎలిజబెత్ రాణి డ్యూకు బిరుదు ఇవ్వబోతే వద్దన్నాడు. దిగువ సభలో తన కుర్చీ వదులుకోవడం ఆయనకి ఇష్టం లేదు.

ఆయన ఎప్పుడైనా మార్ల్‌బరో డ్యూకు అయ్యే అవకాశం ఉండేదా?

రెండున్నరేళ్ళకి పైగా ఉంది. ఎనిమిదో డ్యూకు 1892లో హఠాత్తుగా పోయి, ఆయన కొడుకు చార్ల్స్ తొమ్మిదో డ్యూకు అయ్యాడు. ఇతను విన్‌స్టన్‌కి పెదనాన్న కొడుకు, అప్పటికి పెళ్ళికాని కుర్రాడు. అతని తర్వాత వరసలో ఉన్నది బాబాయి లార్డ్ రాండాల్ఫ్. 1895 జనవరిలో రాండాల్ఫ్ పోయాక ఆ వరస విన్‌స్టన్‌కి వచ్చింది. డ్యూకుకి కొడుకు పుట్టేదాకా వారసుడు ఇతనే. డ్యూకు 1895 నవంబరులో పెళ్ళి చేసుకున్నాడు, కొడుకు 1897 సెప్టెంబరు 18న పుట్టాడు.

ఈ మధ్యకాలంలోనే విన్‌స్టన్ మన ఊరు వచ్చాడు. 1896లో నాలుగో హుస్సార్ అశ్వికదళంతో బెంగుళూరు కంటోన్మెంటులో దిగి, నవంబరులో పోలో ఆడటానికి సికింద్రాబాద్ వచ్చాడు. వాళ్ళ జట్టు గోల్కొండ కప్పు గెలిచింది. భారతదేశానికి వచ్చి నెల తిరిగీ తిరగకముందే ఇంత పెద్ద పోటీ గెలిచామని అతను జీవితాంతం చెప్పుకున్నాడు. అక్కడే హైదరాబాద్ రెసిడెంట్ ట్రెవర్ ప్లౌడెన్ కూతురు పమేలా పరిచయం అయింది. ఇద్దరూ ఏనుగెక్కి నగరం చూడబోతున్నామని తల్లికి ఉత్తరం రాశాడు. ఆ వారం సికింద్రాబాద్ మైదానంలో గుర్రం మీద ఉన్న ఆ ఇరవై ఒక్కేళ్ళ సైనికాధికారి ఇంగ్లండులో ఒక డ్యూకు గద్దెకి మొదటి వారసుడు, చేతిలో మాత్రం ఒక్క బిరుదు లేదు. పమేలా అతన్ని పెళ్ళి చేసుకోలేదు. 1902లో లిట్టన్ ఎర్ల్‌ని చేసుకుంది.

ఇక ఇంగ్లండులో విన్‌స్టన్ సొంత నాయనమ్మ ఫ్రాన్సెస్ కొత్త కోడలితో, నువ్వు మొదట కొడుకును కనాలి, ఆ విన్‌స్టన్ డ్యూకు కావడం భరించలేం అన్న అర్థంలో మాట్లాడిందని ఆ కోడలే తర్వాత రాసుకుంది. ఆ కోడలు నిజానికి ఫ్రాన్సెస్‌కి మనవడి భార్య.

ఆ కోడలు అమెరికా అమ్మాయేనా?

అవును, కన్సులో వాండర్‌బిల్ట్. రైల్వేల మీద కోట్లు గడించిన కుటుంబం. 1895 నవంబరు 6న న్యూయార్క్‌లో పెళ్ళి. ఆమె తండ్రి పాతిక లక్షల డాలర్ల విలువైన రైల్వే షేర్లు రాసిచ్చాడు, దాని మీద ఏటా వడ్డీ గ్యారంటీ. కట్నం అన్న మాట వాళ్ళు వాడలేదు గానీ మనకి ఇంకో మాట తట్టదు. కన్సులోకి అప్పటికే మనసులో వేరే మనిషి ఉన్నాడు, తల్లి ఆల్వా బలవంతపెట్టి ఈ పెళ్ళి చేసింది. 1906లో భార్యాభర్తలు విడిపోయారు, 1921లో విడాకులు, 1926లో బలవంతపు పెళ్ళి అన్న కారణంతో క్యాథలిక్ చర్చి దాన్ని అసలు చెల్లదని తేల్చింది. తల్లే వచ్చి, నేనే బలవంతం చేశానని సాక్ష్యం చెప్పింది. అంతా అయ్యాక కూడా ఆ పెళ్ళిలో పుట్టిన కొడుకే పదో డ్యూకు.

అంత ఇల్లుండి అమెరికా డబ్బు ఎందుకు అవసరమైంది?

ఇల్లు ఉండబట్టే. బ్లెన్‌హైమ్‌కి కప్పు వేయించాలన్నా వందల ఎకరాల రాబడి కావాలి. ఏడో డ్యూకు 1875లో వంశం సేకరించిన చెక్కడపు రత్నాలను 35,000 గినీలకు అమ్మాడు. ఆ తర్వాత సండర్లాండ్ గ్రంథాలయం, మూడో సండర్లాండ్ ఎర్ల్ జీవితమంతా కూర్చినది, 1881 నుంచి 1883 దాకా వేలం పాటలో పోయి 56,000 పౌండ్లకి పైగా తెచ్చింది. తరతరాలకి కట్టుబడిన ఆస్తి కావడంతో దాన్ని అమ్మడానికి చట్టం అనుమతి కావలసి వచ్చింది. 1885లో ఎనిమిదో డ్యూకు రాఫెల్ గీసిన మడోన్నాని 70,000 పౌండ్లకు, వాన్ డైక్ గీసిన గుర్రం మీది మొదటి చార్ల్స్ రాజును 17,500 పౌండ్లకు నేషనల్ గ్యాలరీకి ఇచ్చేశాడు. ఆ రెండూ ఇప్పటికీ లండన్‌లో చూడొచ్చు. 1884లో పాత శాశ్వత భత్యాన్ని కూడా లక్షకు పైగా పౌండ్లు ఒకేసారి పుచ్చుకుని వదులుకున్నారు.

బ్లెన్‌హైమ్ రాజు ఇచ్చిన ఇల్లు కదా, అద్దె ఏమైనా కడతారా?

కడతారు, డబ్బు కాదు. 1705లో యాన్ రాణి వుడ్‌స్టాక్ భూమిని ఇచ్చింది, దాని మీద వాన్‌బ్రూ, హాక్స్‌మూర్ అనే వాస్తుశిల్పులు ఈ ప్యాలెస్ కట్టారు. ఆ భూమికి ప్రతిఫలంగా ఏటా ఆగస్టు 13న, అంటే బ్లెన్‌హైమ్ యుద్ధం గెలిచిన రోజున, ఫ్రెంచి రాజుల కలువ గుర్తులున్న ఒక పట్టు జెండాని విండ్సర్ కోటలో అప్పగించాలి. ఇప్పటికీ అప్పగిస్తున్నారు.

కట్టడం మాత్రం పెద్ద పేచీ. రాణికీ సారాకీ చెడ్డాక 1712 ప్రాంతంలో ఖజానా డబ్బు ఆగిపోయింది. వాన్‌బ్రూతో సారా తగవు ఎంత ముదిరిందంటే, తాను కట్టిన ఇంటిని చూద్దామని 1725లో అతను భార్యతో వస్తే గేటు దగ్గరే వెనక్కి పంపించేసింది.

వారసుడు లేకపోతే దత్తత తీసుకోవచ్చా?

కుదరదు. మన జమీందారీల్లో కొడుకు లేకపోతే దత్తత చేసుకునేవాళ్ళు, ఆ దత్తత చెల్లుతుందా లేదా అన్న వ్యాజ్యాలు లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళేవి. ఆ కౌన్సిల్లో కూర్చున్న దొరల సొంత బిరుదుల విషయంలో మాత్రం దత్తతకి చోటు లేదు. రక్తసంబంధం, తల్లిదండ్రుల పెళ్ళి, రెండూ ఉండాలి. వీలునామాలో ఇల్లు ఎవరికైనా రాయొచ్చు గానీ బిరుదు రాయడం ఎవరి చేతిలోనూ లేదు. అమ్మడం కూడా కుదరదు. వద్దనుకోవడం మాత్రం 1963 చట్టం వచ్చాక సాధ్యమైంది, అది కూడా ఆ ఒక్క మనిషి జీవితకాలానికే.

జర్మనీలో రాజ్యం కూడా ఉండేదంటారు?

కొద్దికాలం ఉంది. బ్లెన్‌హైమ్ గెలుపుకి మెచ్చి పవిత్ర రోమన్ చక్రవర్తి జాన్ చర్చిల్‌ని ప్రిన్స్ చేసి, 1705లో మిండెల్‌హైమ్ అనే చిన్న సంస్థానం ఇచ్చాడు. 1714 సంధిలో అది తిరిగి బవేరియాకి పోయింది. వంశ చిహ్నంలో డాలు వెనక కనిపించే రెండు తలల గద్ద ఆ రోజుల గుర్తు.

లార్డ్ రాండాల్ఫ్‌కి మన దేశంతో ఏం సంబంధం?

1885 జూన్ నుంచి 1886 జనవరి దాకా లండన్‌లో భారత వ్యవహారాల మంత్రి. ఏడు నెలలే గానీ అందులోనే ఎగువ బర్మా మీద యుద్ధం చేయించి, 1886 జనవరి 1న దాన్ని కలిపేశాడు. కోరంగి రేవులో ఓడ ఎక్కి 'రంగం', అంటే రంగూన్, వెళ్ళిన తెలుగు కూలీలు ఎక్కువగా బతికిన దిగువ బర్మా అంతకు ముందే బ్రిటిష్‌వాళ్ళ చేతిలో ఉంది.

డ్యూకుకి ఎగువ సభలో ఇంకా స్థానం ఉందా?

పదకొండో డ్యూకు వరకు పుట్టుకతో ఉండేది. 1999 చట్టం వంశపారంపర్య ప్రభువుల్లో 92 మందిని తప్ప అందరినీ బయటికి పంపింది, అందులో ఆయన కూడా పోయాడు. 2014లో వచ్చిన పన్నెండో డ్యూకుకి ఆ సభ హక్కు బిరుదుతో పాటు రాలేదు.

ఇప్పటి డ్యూకు ఎవరు, ఆయన తర్వాత ఎవరు?

1955లో పుట్టిన చార్ల్స్ జేమ్స్ స్పెన్సర్-చర్చిల్, 2014 అక్టోబరులో తండ్రి పోయాక పన్నెండో డ్యూకు. పెద్దకొడుకు జార్జ్ ప్రస్తుతం బ్లాండ్‌ఫోర్డ్ మార్క్వెస్. ఎదురుపడితే డ్యూకుని 'యువర్ గ్రేస్' అనాలి, లార్డ్ మార్ల్‌బరో అనకూడదు. ఆ పిలుపు మార్క్వెస్ నుంచి కిందివాళ్ళది, కాబట్టి కొడుకుని లార్డ్ బ్లాండ్‌ఫోర్డ్ అంటే సరిపోతుంది.

ఇల్లు 1950 నుంచి టికెట్ మీద జనానికి తెరిచే ఉంది, 1987 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోనూ ఉంది. విన్‌స్టన్ పుట్టిన గది చూపిస్తారు. ఆయన సమాధి మాత్రం ప్యాలెస్‌లో లేదు.  పక్కనే బ్లాడన్ గ్రామంలో సెయింట్ మార్టిన్ చర్చి ఆవరణలో, తల్లిదండ్రుల పక్కన ఉంది. దానికి టికెట్ అక్కర్లేదు.